పాత ప్రయోగ విమానాల కిట్లు: ఎక్స్-15, వాల్కిరీ, పోగో... ఎవరికి ఏది?

ముక్కలు అతికించి విమానం మోడల్ చేసుకునే పాత ప్లాస్టిక్ కిట్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ కంపెనీది బాగుంటుంది?" అని. మామూలు యుద్ధ విమానమైతే అది సరైన ప్రశ్నే. మస్టాంగ్‌లు, మిగ్-21లు వేలల్లో తయారయ్యాయి. మీ మోడల్‌లో చిన్న తేడా ఉన్నా, అచ్చం అలాంటి విమానం ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ప్రయోగ విమానాల సంగతి అలా కాదు. ఎక్స్-15లు కట్టింది మూడే. ఎక్స్‌బీ-70 వాల్కిరీ బాంబర్లు రెండే. గాల్లోకి లేచిన పోగో ఒక్కటే. పైగా వాటిని ఎప్పటికప్పుడు మారుస్తూనే ఉండేవారు. ఇంజిన్ మారేది, ముక్కు మారేది, రంగు మారేది, ఒక్కోసారి పొడవే మారిపోయేది. అందుకని ముందు తేదీ ఎంచుకోండి. ఆ రోజున ఆ విమానం ఎలా ఉందో ఫొటోలు చూసి, దానికి దగ్గరగా వచ్చే కిట్ తర్వాత ఎంచుకోండి.

ఈ మూడు అమెరికన్ విమానాలకూ పాత అచ్చుల కిట్లు ఉన్నాయి. పనిలో మాత్రం ఒకదానికొకటి పోలికే లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత కిట్ మొదటిసారి ముట్టుకుంటున్నవారు ఎక్స్-15 తీసుకోండి. చోటూ ఓపికా రెండూ ఉంటే వాల్కిరీ. 1950ల నాటి కిట్ ఎలా ఉండేదో చేత్తో తెలుసుకోవాలనుకుంటే పోగో.

ఎక్స్-15: చిన్న పెట్టె, పెద్ద కథ

1959 నుంచి 1968 దాకా 199 సార్లు ఎగిరిన విమానం ఇది. బీ-52 బాంబర్ రెక్క కింద వేలాడుతూ పైకెళ్లి, అక్కడ విడిపోయి, రాకెట్ వెలిగించుకునేది. 1963 ఆగస్టు 22న జో వాకర్ దీన్ని 3,54,200 అడుగుల ఎత్తుకు తీసుకెళ్లాడు. 1967 అక్టోబర్ 3న పీట్ నైట్ గంటకు 4,520 మైళ్ల వేగం అందుకున్నాడు.

ఇందులో మూడు కాలాలున్నాయి. తొలి రోజుల్లో పెద్ద ఇంజిన్ సిద్ధం కాకపోవడంతో రెండు చిన్న ఎక్స్‌ఎల్‌ఆర్-11 ఇంజిన్లు పెట్టి ఎగిరించారు. వెనక నుంచి చూస్తే ఎనిమిది చిన్న గొట్టాలు కనిపిస్తాయి, ముక్కు ముందు పొడవాటి కడ్డీ ఉంటుంది. 1960 నవంబర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్-99 వచ్చాక వెనక ఒకటే పెద్ద నాజిల్. తర్వాత ముక్కు కొసన కడ్డీ పోయి గుండ్రటి బంతి వచ్చింది. మూడోది ఎక్స్-15ఏ-2. 1962 నవంబర్‌లో ల్యాండింగ్‌లో దెబ్బతిన్న రెండో విమానాన్ని మళ్లీ కట్టినప్పుడు 28 అంగుళాలు పొడిగించారు, పక్కన తగిలించే ఇంధన ట్యాంకులు చేర్చారు.

ఆ 28 అంగుళాలే కిట్ ఎంపికలో చిక్కు తెస్తాయి. 1/72 స్కేల్‌లో, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో, అది దాదాపు ఒక సెంటీమీటర్. మోనోగ్రామ్ 1980లలో తెచ్చిన 1/72 కిట్ ఏ-2 రూపంలో ఉంటుంది. తర్వాత అదే అచ్చు రెవెల్ పేరుతోనూ వచ్చింది. దాంతో 1963 నాటి వాకర్ విమానం చేయాలంటే ఒళ్లు కోసి ఒక సెంటీమీటర్ తీసేయాలి. ఆ పని నేను సిఫార్సు చేయను. ఆ పెట్టెతో ఏ-2నే చేయండి, హాయిగా ఉంటుంది. తొలి రూపమే కావాలంటే స్పెషల్ హాబీ 1/48, 1/32 కిట్ల వైపు చూడండి. అవి కొత్త తరం కిట్లు, పాత పెట్టె ముచ్చట ఉండదు. కానీ 1/48లో విమానం 32 సెంటీమీటర్లు వస్తుంది, వెనక గొట్టాలు స్పష్టంగా చూపించవచ్చు. ఎక్స్-15 ఇంకా వార్తల్లో ఉన్న రోజుల్లోనే రెవెల్ తెచ్చిన దాదాపు 1/64 కిట్ కూడా ఉంది. అప్పట్లో స్కేల్ కంటే పెట్టె సైజే ముఖ్యం. పెట్టెలో పట్టేటట్టు విమానాన్ని కుదించేవారు. షెల్ఫ్‌లో మిగతా 1/72 విమానాల పక్కన పెడితే ఇది పొసగదు. సేకరణకు ముచ్చటైనదే, కత్తి పెట్టి చేయడానికి మాత్రం అది నా మొదటి ఎంపిక కాదు.

చాలామంది తప్పు చేసే చోటు ఇంకొకటుంది. ఎక్స్-15 కింది తోక భాగం నేలకు తగిలేంత పొడవు. అందుకని దిగేముందు పైలట్ దాన్ని వదిలేసేవాడు, అది పారాచూట్‌తో విడిగా కిందికొచ్చేది. అంటే వెనక చక్రాలకు బదులుండే స్కీలు చాచి నేల మీద వాలిన భంగిమలో పెడితే కింది తోక ఉండకూడదు. కింది తోక కావాలంటే గాల్లో ఉన్నట్టు స్టాండ్ మీద పెట్టండి, లేదా కింద చిన్న బండి పెట్టి నిలపండి. ఇంకో మంచి సంగతి, స్కీలు తోక చివర్లో ఉంటాయి కాబట్టి ఇది వెనక్కి ఒరిగిపోకుండా ముక్కులో బరువు దట్టాల్సిన పని లేదు.

రంగు సంగతి. దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది గానీ అది ఇన్‌కోనెల్ ఎక్స్ అనే లోహం తొడుగు. మెరుపు లేని నలుపు కొడితే మోడల్ బొగ్గుముక్కలా తేలిపోతుంది. ముందు మెరిసే నలుపు, దాని మీద ముదురు లోహపు రంగు పల్చగా, రెక్క అంచుల దగ్గర వేడికి మారిన గోధుమ, నీలం ఛాయలు కొద్దికొద్దిగా వేస్తే సరిపోతుంది. తెల్ల ఏ-2 చేయాలనుకుంటే అది 1967లో కొద్దిసార్లే ఎగిరిందని గుర్తుంచుకోండి. వేడిని తట్టుకోవడానికి గులాబీ రంగు పూత పూసి, దాని మీద తెల్ల పూత వేశారు. ఆ పూత కాలి అద్దాన్ని మసకబారుస్తుందని ఎడమ కిటికీకి రెప్పలాంటి మూత పెట్టారు. కిట్ చేసేటప్పుడు ఆ రెప్పను చిన్న ప్లాస్టిక్ ముక్కతో చూపిస్తే, విషయం తెలిసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. అమెరికాలో డేటన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఇప్పుడున్నది నల్లగానే ఉంటుంది. మ్యూజియం ఫొటోలు చూసి తెల్లది చేయకండి.

వాల్కిరీ: షెల్ఫ్ కొలిచాకే

ఏఎంటీ-అర్టెల్ 1/72 వాల్కిరీ దాదాపు 79 సెంటీమీటర్ల పొడవు, 44 సెంటీమీటర్లకు పైగా వెడల్పు. తర్వాత ఇటలేరి కూడా అదే అచ్చుతో తెచ్చింది. కొనేముందు టేప్ పట్టుకుని షెల్ఫ్ కొలవండి. పూర్తయ్యాక ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోయే మోడళ్లలో ఇది ముందుంటుంది.

కష్టం ముక్కల సంఖ్యలో లేదు, పొడవాటి అతుకుల్లో ఉంది. మెడ పొడవునా, ఇంజిన్ల పెట్టె అంచులంతా పుట్టీ పట్టించి రుద్దాలి. తెల్ల రంగు మీద ఏ చిన్న గీతా దాగదు. మెరిసే తెలుపు వేసే ముందు బూడిద రంగు ప్రైమర్ కొట్టి, ఒక పక్క నుంచి దీపం వేసి చూడండి. అతుకు నీడ కనిపిస్తే మళ్లీ రుద్దాలి. ఇది రెండు మూడు విడతలు జరుగుతుందని ముందే మనసు సిద్ధం చేసుకుంటే టెన్షన్ ఉండదు. తెలుపు మాత్రం ఒకేసారి దట్టంగా కొట్టకండి, పల్చటి పొరలుగా వేయండి. ఎనామెల్ తెలుపు కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, అందుకే దీనికి యాక్రిలిక్కో లాకరో నయం. గాలి దారుల లోపలి అతుకులు రుద్దడం చేతకాకపోతే బయట మూతలు చేసి పెట్టేయండి. నేల మీద నిలిపిన విమానాలకు అలా మూతలు పెట్టడం మామూలే కాబట్టి చూడ్డానికీ సహజంగానే ఉంటుంది.

ఇక్కడా తేదీ ముఖ్యమే. మొదటి విమానం 62-0001, 1964 సెప్టెంబర్ 21న తొలిసారి ఎగిరింది. రెండోది 62-0207, 1965 జులైలో. మొదటిదాని రెక్కలు సమతలంగా ఉంటాయి. రెండోదానికి 5 డిగ్రీలు పైకి లేచి ఉంటాయి. నంబర్ డీకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి గుర్తు) అతికించే ముందు రెక్కను తాత్కాలికంగా పెట్టి, ఎదురుగా కూర్చుని కొలవండి. ఏ కోణం వస్తుందో దానికి తగ్గ నంబరే వేయండి. మొదటి విమానానికి తొలి ప్రయాణాల్లో తెల్ల రంగు పెచ్చులూడిపోయింది. ఆ ఫొటోలు దొరుకుతాయి, ఆ ఊడిన మరకలు వేస్తే ఇంత పెద్ద తెల్ల మోడల్‌కు కాస్త ప్రాణం వస్తుంది.

రెక్కల కొసలు గాల్లోనే కిందికి వంగుతాయి, తక్కువ వేగంలో 25 డిగ్రీలు, మాక్ 3కి (ధ్వనికి మూడు రెట్ల వేగానికి) చేరువలో 65 డిగ్రీల దాకా. చక్రాలు దించి రన్‌వే మీద నిలబెట్టి, కొసలు మాత్రం వంచి పెట్టిన మోడళ్లు చాలా కనిపిస్తాయి. బొమ్మగా అందంగానే ఉంటుంది గానీ 65 డిగ్రీలు వంచాలంటే చక్రాలు మూసి స్టాండ్ మీద ఎగరేయండి. అలాగే కాక్‌పిట్ ముందున్న వాలు కప్పు దిగేటప్పుడు కిందికి, వేగంలో పైకి ఉంటుంది. కొసలు, కప్పు, చక్రాలు మూడూ ఒకే క్షణానికి సరిపోవాలి.

రెండో విమానాన్ని ఎంచుకునేవారికి ఒక మాట. అది 1966 జూన్ 8న ఎఫ్-104 యుద్ధ విమానం ఢీకొని కూలిపోయింది. ఎక్స్-15లో అంత ఎత్తుకెళ్లిన జో వాకరే ఆ ఎఫ్-104 నడుపుతున్నాడు. ఆయన, వాల్కిరీలో ఉన్న కార్ల్ క్రాస్ ఇద్దరూ చనిపోయారు. 62-0207 అని నంబర్ వేస్తున్నప్పుడు అది తెలిసి వేయడం బాగుంటుంది. మొదటి విమానం డేటన్‌లోనే ఉంది, దాని దగ్గరి ఫొటోలు బోలెడు. ఆధారాలు సులువుగా దొరకడం కూడా ఎంపికలో ఒక లెక్కే, అందుకే నా ఓటు 62-0001కే.

పోగో: తోక మీద నిలబడేది

కాన్‌వేర్ ఎక్స్‌ఎఫ్‌వై-1 పోగో నౌకాదళం కోసం తయారైంది. ఓడ మీద రన్‌వే అవసరం లేకుండా తోక మీద నిలబడి నిట్టనిలువునా లేవాలి, గాల్లో పడుకుని మామూలుగా ఎగరాలి, మళ్లీ తోక మీదే దిగాలి. 1954 నవంబర్ 2న స్కీట్స్ కోల్మన్ ఆ మొత్తం చేసి చూపించాడు. దిగేటప్పుడు మాత్రం భుజం మీదుగా వెనక్కి తిరిగి నేల చూసుకుంటూ దిగాలి. ఆ పనికి మామూలు పైలట్లు సరిపోరని అర్థమైపోయింది.

లిండ్‌బర్గ్ 1/48 కిట్ ఆ కాలానికి చెందిన అచ్చే. 22 సెంటీమీటర్ల పొడవు, ముక్కలు తక్కువ. ఇలాంటి 1950ల కిట్లలో రివెట్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, గుర్తుల గీతలు ఉబ్బెత్తుగా అచ్చయి ఉండవచ్చు, కాక్‌పిట్ లోపల పెద్దగా ఏమీ ఉండదు. వాటిని లోపాలుగా చూస్తే మీకు పోగో వద్దు. ఆ రోజుల్లో విమానం కొత్తది, వివరాలు బయటికి వచ్చేవి తక్కువ. అచ్చు తయారుచేసినవాళ్లు దొరికినదాంతో పని చేశారు. నాకు ఈ కిట్‌లో నచ్చేదే ఆ ఆత్రుత. అందుకే దీనిమీద మితంగా పని చేయమంటాను. ఉబ్బెత్తు గుర్తుల గీతలు రుద్దేయండి, రివెట్లు ఉంచేయండి, సీటు ఒక్కటి కొత్తగా చేయండి. అసలు విమానం నిలువుగా ఉన్నప్పుడు పైలట్ వెల్లకిలా పడుకోకుండా సీటు ముందుకు వంగేది. మోడల్‌ను నిలబెట్టి చూపించేటప్పుడు సీటు ఆ వాలులోనే ఉండాలి.

జాగ్రత్తగా చేయాల్సిన పని నిలబెట్టడం. రెండు రెక్కలు, రెండు తోకలు, నాలుగింటి చివర నాలుగు చిన్న చక్రాలు. ఒక్కటి అర మిల్లీమీటర్ తేడా వచ్చినా మోడల్ ఊగుతుంది. తోకలను జిగురు లేకుండా పెట్టి, సమతలంగా ఉన్న అద్దం ముక్క మీద నిలబెట్టండి. ఏ చక్రం కింద వెలుతురు కనబడుతుందో చూడండి. దానికి అటూ ఇటూ ఉన్న చక్రాల్లో ఒకదాన్ని ఒక్క రుద్దు రుద్ది మళ్లీ నిలబెట్టండి. నాలుగూ ఆనాక, అద్దం మీదే ఉంచి, పల్చటి జిగురు అతుకులోకి పీల్చుకునేలా తాకించండి. రాత్రంతా కదపకండి.

ప్రొపెల్లర్లు కూడా గమనించాలి. మూడేసి రెక్కల చక్రాలు రెండు, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి రెక్కల మెలిక కూడా ఎదురెదురుగా ఉండాలి. ముందుదీ వెనకదీ తారుమారైతే రెండూ తిరిగే దిశలు తారుమారైనట్టే. రంగు వెండి. మెరుపు రంగు కింద గీతలు దాగవు గానీ ఇంత చిన్న ఒంటికి అది పెద్ద పనేం కాదు.

ఈ మూడూ కాదు, పుట్టీ పని అసలే వద్దు, ప్రయోగ విమానం మాత్రం కావాలి అనేవారికి హసేగావా 1/72 ఎక్స్-29 ఉంది. రెక్కలు ముందుకు వంగిన ఈ విమానం 1984 డిసెంబర్‌లో తొలిసారి ఎగిరింది. ముందు భాగం ఎఫ్-5ది, ప్రధాన చక్రాల అమరిక ఎఫ్-16ది. కిట్‌లో ప్రధాన చక్రాలు పోయినా వేరే ఎఫ్-16 కిట్ నుంచి తెచ్చుకోవచ్చు. సాఫీగా పూర్తవుతుంది. నా మటుకు నాకు పై మూడింటి ఆకర్షణ ఇందులో లేదు.

డీకాల్స్, పారదర్శక ముక్కలు

పాలిస్టైరిన్ ప్లాస్టిక్ దశాబ్దాలు పెట్టెలో ఉన్నా దాదాపు అలాగే ఉంటుంది. పాడయ్యేవి డీకాల్స్, కానపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత), మెత్తటి వినైల్ టైర్లు. వినైల్ టైర్ ఏళ్ల తరబడి ప్లాస్టిక్‌కు ఆనుకుని ఉంటే, ఆనిన చోట ప్లాస్టిక్ కరిగిపోతుంది. పాత కిట్ ఇంటికి రాగానే టైర్లను విడిగా చిన్న సంచీలో పెట్టేయండి.

డీకాల్ షీట్ తీసి, నీళ్లలో ముంచే ముందు స్కాన్ చేసి ఉంచుకోండి. ఏం జరిగినా కొలతలు మీ దగ్గరుంటాయి. తర్వాత అక్కర్లేని గుర్తు ఒకటి చిన్నగా కత్తిరించి గోరువెచ్చటి నీళ్లలో వేయండి. ముక్కలైపోతే కంగారు వద్దు. మిగతా షీట్ మొత్తం మీద డీకాల్ ఫిల్మ్ ద్రవమో పారదర్శక లాకరో పల్చగా పూసి ఆరనివ్వండి. అది పగుళ్లన్నిటినీ ఒక పొరగా కట్టి ఉంచుతుంది. అయితే అప్పుడు షీటంతా ఒకే పొర అవుతుంది, ఒక్కో గుర్తునూ అంచు దగ్గరగా కత్తిరించుకోవాలి. పసుపు తిరిగిన షీట్‌ను ప్లాస్టిక్ సంచీలో మూసి ఎండ తగిలే కిటికీకి లోపలి వైపు అతికిస్తే కొన్ని రోజుల్లో చాలావరకు తెల్లబడుతుంది.

ఎక్స్-15కి ఇంకో ఇబ్బంది ఉంది. తోక మీది నాసా పట్టీ పసుపు, ఒళ్లు ముదురు. పాత పసుపు డీకాల్ పల్చన, కింద ముదురు రంగు తొంగిచూస్తుంది. ఆ పట్టీ ఉన్నంత మేర ముందు తెల్ల రంగు వేసి, దాని మీద పసుపు కొట్టేసి, అక్షరాలు మాత్రం డీకాల్ నుంచి తీసుకోవడం నయం. ఇంట్లో ప్రింటర్‌తో కొత్త డీకాల్స్ చేసుకునేవారు, మామూలు ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదని మరవకండి. నల్ల అక్షరాలకు ఇబ్బంది లేదు, తెల్ల నక్షత్రాలకు విడిగా అమ్మే షీట్లే గతి.

ఏ పెట్టె?

సీల్ తెరవని మొదటి ముద్రణ పెట్టె సేకరించేవారి వస్తువు. మోడల్ చేయడానికి అది వద్దంటాను. లోపల ఏముందో చూడలేరు, డీకాల్స్ ఏ స్థితిలో ఉన్నాయో తెలియదు, ఆ సీల్‌కి ఇచ్చిన అదనపు ధర కత్తెర పెట్టిన క్షణంలో పోతుంది. అంతకంటే ముఖ్యం, అలా మిగిలిన పెట్టెలు తక్కువ. పునర్ముద్రణ (అదే అచ్చుతో మళ్లీ తెచ్చిన కిట్) దొరికే అచ్చుకు పాతదాన్ని బలిపెట్టడం అనవసరం.

పునర్ముద్రణలో కొత్త డీకాల్స్ ఉంటాయి, చేసేవారికి అదే అన్నిటికంటే పెద్ద లాభం. నష్టం ఏమిటంటే అచ్చు అరిగి ఉంటుంది, అంచుల చుట్టూ పల్చటి ప్లాస్టిక్ పొర వస్తుంది. కత్తితో గీకితే పోతుంది, ఓపిక చాలు. పెట్టె మీది పాత బొమ్మ మీద మోజు ఉంటే, మూత దెబ్బతిని లోపల ముక్కలు పూర్తిగా ఉన్న పాత కిట్ చవగ్గా కొని, పునర్ముద్రణ డీకాల్స్ దానికి వాడుకోవచ్చు.

తెరిచిన కిట్, ముక్కలు స్ప్రూల (వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రాల) మీదే ఉన్నది, చేసేవారికి అన్నిటికంటే మంచి బేరం. సూచనల కాగితం లేకపోయినా ఫర్వాలేదు, పాత కిట్ల సూచనలు స్కాన్ చేసినవి తేలిగ్గానే దొరుకుతాయి. ఎవరో సగం చేసి వదిలేసిన కిట్ మాత్రం ట్యూబ్ జిగురు వాడారా, సూపర్ గ్లూ వాడారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సూపర్ గ్లూ అయితే ఫ్రీజర్‌లో ఉంచి తీశాక మెల్లగా విరిస్తే చాలాసార్లు ఊడొస్తుంది. ప్లాస్టిక్ జిగురు రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేస్తుంది, అది ఊడదు, కోయాల్సిందే.

అమ్మేవారిని మూడు ఫొటోలు అడగండి. కానపీని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తీసింది, డీకాల్ షీట్‌ను పక్క నుంచి తీసింది, స్ప్రూలన్నీ పరిచి పైనుంచి తీసింది. కానపీలో గీతలుంటే సన్నటి సాండ్‌పేపర్‌తో, పాలిష్‌తో పోతాయి, పగులు ఉంటే పోదు. పక్క నుంచి తీసిన ఫొటోలో డీకాల్స్ మీద సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, పైనుంచి తీస్తే కనిపించవు. వాల్కిరీ అయితే మెడ ముక్కలు వంకర తిరిగాయేమో చూడటానికి నాలుగో ఫొటో కూడా అడుగుతాను. ఈ ఫొటోలు పంపడానికి ఇష్టపడనివారి దగ్గర, ధర ఎంత తక్కువ చెప్పినా, నేను కొనను.